జత లేనివాళ్ళ జత

ఆ రోజు కూడా పెర్లా ముందుగా మెత్త సర్దుకుంది. ఆమె పొట్టి మనిషి. మెత్త లేకుండా కూర్చుంటే బల్ల గడ్డానికి తగులుతుంది. నీలం ఉన్నితో తనే అల్లుకున్న ఆ మెత్త మధ్యలో లొత్తపడి, అంచులు వెలిసిపోయింది. దానిమీద కుదురుగా కూర్చుని, టీలా తాగే మాతే ఆకు వేసిన గిన్నెలో వేడినీళ్ళు పోసుకుని, గొట్టంతో ఒక గుటక పీల్చింది.

"ఏం నాయనా, అందరూ నిద్రపోతున్నారా? కొట్టుకోండి!" అంది.

ఆ హాల్లో నిశ్శబ్దంగా ఉండటమే తప్పు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, పెద్దలు రాసిపెట్టిన ధర్మం వాక్యం వాక్యం చదివి, గొంతు చించుకుని వాదించుకోవాలి. బ్యూనస్ ఎయిరెస్‌లోని ఆ యూదుల హైస్కూల్లో పేరున్న పంతుళ్ళు వేరే ఉన్నారు. పెర్లా పని చిన్నది: జత కుదరని పిల్లల ఎదుట కూర్చోవడం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే చేసింది, హాయిగా చేసింది. ఇవాళ్టితో ఆ పని అయిపోతుంది. వీడ్కోలు సభలూ పూలగుత్తులూ వద్దని ముందే చెప్పేసింది.

ఈ ఏడు ఆమె ఎదుట కూర్చున్నది నోయెమీ. ఎక్కడో దూరాన ఉన్న టుకుమాన్ ఊరి నుంచి వచ్చిన పిల్ల, నోట్లో నాలుక లేదు. ఏం చెప్పినా గంగిరెద్దులా తల ఊపుతుంది. తల ఊపేదాన్ని వచ్చే ఏడు జతగా ఎవరు తీసుకుంటారు? పెర్లాకి ఉన్న దిగులల్లా అదొక్కటే.

"పోయిన వస్తువు మీద సొంతదారు ఆశ వదులుకుంటే, అది దొరికినవాళ్ళది," అని నోయెమీ చదివింది.

"అయితే విను. బస్సులో ఎవరో ఒకావిడ ఎర్ర మఫ్లర్ మర్చిపోయింది. పోయిందని ఆవిడింకా చూసుకోనేలేదు. నేను తీసి మెడకి చుట్టేసుకున్నా. నాదే కదా?"

నోయెమీ తల ఊపబోయి, సగంలో ఆగింది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు ఉరియెల్ నవ్వాడు. "వదిలెయ్యండి టీచర్. దానికన్నా గోడ నయం."

"నీ సంగతి చూసుకోరా. నీ జతగాడు నీ వాదన వినలేక ఆవలిస్తున్నాడు."

నోయెమీ చెవులు ఎర్రబడ్డాయి. "కాదు," అంది.

"ఏది కాదు?"

"మీది కాదు టీచర్. పోయిందనే తెలియని మనిషి ఆశెట్లా వదులుకుంటుంది?"

"చూసుకోకపోవడం ఆవిడ తప్పు."

"తప్పు ఆవిడదైతే వస్తువు మీదైపోతుందా? మీరు చెప్పేది తప్పు!" నోయెమీ బల్ల చరిచింది. మాతే గిన్నె ఒరిగి పుస్తకం పక్కన ఒలికింది. హాలంతా తిరిగి చూసింది.

పెర్లాకి కడుపు నిండిపోయింది. గంట కొట్టేదాకా మొండిగా వాదించి, హాయిగా ఓడిపోయింది. పిల్ల బుగ్గ నిమిరి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

బస్సు స్టాపు దగ్గర మెత్త గుర్తొచ్చింది. వెనక్కి వచ్చేసరికి హాలు కిటికీలోంచి గొంతులు వినిపించాయి.

"టీచర్ మెత్త వదిలేసి వెళ్ళిపోయారే! ఇంక రారుగా, నేను తీసుకుంటా," అంటున్నాడు ఉరియెల్.

"చెయ్యి తియ్! మర్చిపోయారు, అంతే. ఇంకా చూసుకుని కూడా ఉండరు," అంది నోయెమీ.

"చూసుకున్నాక కూడా రాకపోతే?"

"రాకపోతే ఆశ వదులుకున్నట్టా? ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మో, ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావే? వచ్చే ఏడు నా ఎదురుగా కూర్చో, తేల్చుకుందాం."

"కూర్చుంటా. నీకే భయమేమో చూసుకో."

పెర్లా లోపలికి వెళ్ళలేదు. అంత మంచి తగువుని చెడగొట్టడం ఆమెకి ఇష్టం లేకపోయింది. మళ్ళీ స్టాపుకి నడిచి, వచ్చిన బస్సెక్కింది.

హాల్లో, ఆమె కుర్చీ మీద, మధ్యలో లొత్తపడిన నీలం మెత్త ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంది.