నల్ల గలీబులు

బస్‌స్టాప్ మలుపులో, మందుల షాపు మీద గోడంతా ఆక్రమించి ఒక పోస్టరు ఉంది. ఎడమవైపు ఒక బట్టతల, కుడివైపు ఒత్తయిన క్రాపు. రెండూ ఒకే మనిషివి. ఎడమ తల కింద 'ముందు' అని, కుడి తల కింద 'తర్వాత' అని రాసి ఉంటుంది. ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట తీసిన ఫోటోలవి. ఎండకి వెలిసిపోయినప్పుడల్లా జుట్టు నాటే క్లినిక్ వాళ్ళు కొత్తది అచ్చు వేయించి అతికిస్తారు కాబట్టి ఆ కుడివైపు మనిషికి వయసు రాదు. ఆ మనిషే రోజూ ఉదయం సరిగ్గా ఆ పోస్టరు కిందే నిలబడి బస్సు ఎక్కుతాడు. ఆయనకి మాత్రం వయసు వచ్చింది. వయసు రావడం ఎవరికైనా తప్పదు గానీ, పాత మొహం గోడకెక్కి వెక్కిరిస్తూ ఉండగా వచ్చే వయసు మరీ చేదుగా ఉంటుంది.

ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. వీధిలో వాళ్ళకి మాత్రం ఆయన పోస్టరాయన. మొదట్లో "ఏం పోస్టరాయనా, నాట్లు పడ్డాయట, కోతలెప్పుడు?" అని ఏడిపించారు. జుట్టు నిజంగానే మొలిచి నుదుటి మీద పడ్డాక అదే జనం ఒకరి తర్వాత ఒకరు చాటుకి పిలిచి "ఎక్కడ చేయించావు? ఎవరికీ చెప్పనులే" అని అడిగారు. ఆ నాలుగైదేళ్ళూ ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. కళ్ళజోళ్ళ షాపంటే ఎటు తిరిగినా అద్దమే. కొనడానికి వచ్చినవాళ్ళ కంటే అమ్మేవాడే ఎక్కువ చూసుకుంటున్నాడని షాపు యజమాని నవ్వేవాడు.

తర్వాత అసలు సంగతి బయటపడింది. నాటిన జుట్టు ఊడదని డాక్టరు చెప్పాడు. అది ఊడలేదు. కానీ దాని వెనక ఉన్న సొంత జుట్టు ఊడుతూనే పోతుందన్న మాట ఆయన అడగలేదు, డాక్టరు చెప్పలేదు. చివరికి గట్టు వెంట ఒక్క వరస పైరు నిలిచి, వెనక చేనంతా బీడు పడినట్టు తయారైంది తల. పూర్తిగా బట్టతలైతే కనీసం ఒక తీరుగా ఉండేది. ఇది చూసినవాళ్ళు ముందు నవ్వి, తర్వాత జాలిపడతారు. అందుకని ఆయన పొడి మొదలుపెట్టాడు.

మెత్తటి నల్ల నూగులాంటి పొడి అది. ఉప్పు చల్లుకునే డబ్బాలాంటి దాంట్లో వస్తుంది. ఉదయాన్నే బాత్రూము గడియ వేసుకుని మాడు మీద చల్లుకుని, ఎగిరిపోకుండా పైన ఏదో కొట్టుకుంటే, దూరం నుంచి చూసేవాళ్ళకి జుట్టులాగే ఉంటుంది. దాంతో ఆయనకి వాన శత్రువైంది, ఫ్యాను శత్రువైంది, చెమట సరేసరి. ఒకసారి ఒకావిడకి కళ్ళజోడు సరిచేస్తూ వంగితే అద్దం మీద నల్లటి నలుసులు రాలాయి. "ఏమిటండీ ఇది, మసా?" అని ఆవిడ అడిగితే, "పాత పెట్టెలో దుమ్మండీ" అని అదే చేత్తో తుడిచేశాడు. ఇంట్లో తెల్లటి తలగడ గలీబులు తెల్లారేసరికి మసిగుడ్డలయ్యేవి. భార్య నల్లగుడ్డ తెచ్చి నాలుగు గలీబులు కుట్టేసింది. కొడుకు అడిగితే మీ నాన్న జుట్టుకి రంగు వేసుకుంటారులే అని చెప్పింది. ఇల్లాలి మాట కదా, కొడుకు నమ్మాడు.

ఇలా నడుస్తుండగా క్లినిక్ నుంచి ఫోను వచ్చింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. రెండోసారి చేయించుకునే మాట ఆయన మనసులో ఎప్పటినుంచో నలుగుతూనే ఉంది. పిలిచిందే తడవు వెళ్ళాడు.

డాక్టరు ఆయన తలని దీపం కిందకి వంచి వెనక భాగాన్ని వేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు.

"ముందుకి నాటింది ఇక్కణ్ణుంచి తీసిందే కదండీ. నారుమడి దాదాపు ఖాళీ అయిపోయింది. ఉన్నది కాస్త తీసి, మిగతాది గడ్డం నుంచి తీద్దాం."

"నిలుస్తుందా డాక్టరుగారూ?"

"నిలవొచ్చు. కానీ ఇదే ఆఖరు. ఇది పట్టకపోతే మళ్ళీ తీయడానికేం ఉండదు. వెనక మచ్చలు కూడా బయటికి కనిపిస్తాయి."

ముందు నుయ్యి వెనక గొయ్యి అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, ఈయన తల చూసే కనిపెట్టి ఉంటారు.

అప్పుడు క్లినిక్ మేనేజరమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పోస్టరు పాతబడిపోయింది సార్. ఈసారి తండ్రీకొడుకుల పోస్టరు వేద్దామని మా ఆలోచన. మీ అబ్బాయి మొన్న వచ్చాడు. 'పోస్టరులో ఉన్నది మా నాన్నే' అని ఎంత గర్వంగా చెప్పాడో! ఇద్దరికీ మేమే చేస్తాం, మీ దగ్గర ఏమీ తీసుకోం. ఫోటోలు మాత్రం మాకివ్వాలి."

"వాడికి ఇరవై రెండేళ్ళేనమ్మా," అన్నాడు. డాక్టరు వైపు తిరిగి, "వాడి జుట్టింకా ఊడుతూనే ఉంది కదండీ?" అని అడిగాడు.

"మీకు చేసినప్పుడు మీదీ ఊడుతూనే ఉంది," అన్నాడు డాక్టరు, దీపం ఆర్పుతూ.

"ఆలోచించుకుని చెప్పండి సార్," అంది మేనేజరమ్మ. "అబ్బాయి ఉంటేనే మీది. మీ ఒక్కరిదే అంటే మాకు కుదరదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కొడుకు గురించి ఆలోచించాలి. తండ్రన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి కదా, దారి పొడవునా ఆయన ఆలోచించింది తన తల గురించే. కిటికీ అద్దంలో నుదురు చూసుకున్నాడు. గడ్డం తడుముకున్నాడు. వాన వస్తే తడవడం, ఫ్యాను కింద కూర్చోవడం, తెల్ల గలీబు మీద పడుకోవడం, ఇవన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. కొడుకు గుర్తొచ్చేసరికి దిగాల్సిన చోటు వచ్చేసింది.

రాత్రి భోజనాల దగ్గర కొడుకే కదిపాడు. ఈమధ్యే బ్యాంకులో కౌంటరు ఉద్యోగంలో చేరాడు. కణతల దగ్గర జుట్టు పలచబడి నుదురు పైకి పోతోంది.

"క్లినిక్‌కి వెళ్ళాను నాన్నా. నీకూ ఫోను చేశారట కదా?"

"నీకేం తొందరరా?" అంది తల్లి.

"ఇవాళ కౌంటరు దగ్గరికి ఒకాయన వచ్చాడమ్మా. పళ్ళన్నీ ఊడిపోయాయి, చేతికర్ర ఉంది. 'అంకుల్, కాస్త ఈ కాగితం నింపిపెట్టండి' అన్నాడు. పక్క కౌంటరు వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు." వాడూ నవ్వాడు గానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నొప్పి పుడుతుందా నాన్నా?"

పన్నెండేళ్ళుగా అందరికీ చెప్పి చెప్పి నోటికి అలవాటైన జవాబు ఒకటుంది. అదే వచ్చేసింది.

"అంత నొప్పేం ఉండదురా."

వడ్డిస్తున్న భార్య చెయ్యి ఆగింది. కొడుకు లేచి వెళ్ళాక ఆవిడ గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"మీరు కొరివితో తల గోక్కున్నారు, సరే. అది మీ ఇష్టం. ఆ కొరివి వాడి చేతికి కూడా ఇస్తారా?"

"నేను ఇవ్వలేదే. వాడే వెళ్ళాడు."

"ఏం చూసి వెళ్ళాడు? గోడ మీద మిమ్మల్ని చూసి వెళ్ళాడు. ఇంట్లో మిమ్మల్ని చూసుంటే వెళ్ళేవాడా? ఏం, చూపించామా మనం?"

మనం అని తనని కూడా కలుపుకుంది కాబట్టి ఆయనకి కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

మర్నాడు ఉదయం ఆయన బాత్రూముకి వెళ్తుంటే కొడుకు వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు వేళ్ళతో కణత మీది జుట్టు ఎత్తి పట్టుకుని, తల ఒక పక్కకి వంచి అద్దంలోకి చూసుకుంటున్నాడు. ఆ వంపు, ఆ రెండు వేళ్ళు ఆయనవే. ఆయన పెళ్ళయిన కొత్తలో ఇలాగే నిలబడేవాడు.

"జరుగు," అన్నాడు.

కొడుకు జరిగాడు. ఆయన కుళాయి తిప్పి తల దాని కింద పెట్టాడు. నిన్న వేసుకున్న పొడి ఇంకా తల మీదే ఉంది. తెల్లటి బేసిన్‌లో నల్లనీళ్ళు తిరిగి తిరిగి కిందకి పోయాయి. చాలాసేపు పోయాయి. రెండు చేతులతో రుద్దుకుని తల ఎత్తాక, అద్దంలో ఇద్దరి మొహాలూ కనిపించాయి. ఒక మొహానికి నుదుటి మీద పలచని ఒక వరస, దాని వెనక నున్నటి మాడు.

"రంగని అమ్మ చెప్పిందే?" అన్నాడు కొడుకు మెల్లిగా.

"పొడి." వెనక్కి తిరిగి మెడ పైభాగం చూపించాడు. తడిసిన జుట్టు సందుల్లో తెల్లటి చుక్కలు, చిక్కగా. "చూడు. అన్నీ తవ్వి తీసిన చోట్లే. మళ్ళీ మొలవవు. నిన్న నొప్పుండదన్నాను చూశావా, అబద్ధం. ఆ రోజు కాదు నొప్పి. తర్వాత. నీ జుట్టింకా ఊడుతోందిరా. ఇప్పుడు ముందుకి తెచ్చి నాటితే వెనకది పోతుంది. అప్పుడు నింపడానికి ఏమీ మిగలదు. ఇలా తయారవుతావు. వాన పడితే పరిగెత్తాలి. ఎవరైనా తల మీద చెయ్యి వేస్తారేమోనని భయం. మీ అమ్మ చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో అడుగు."

ఇంత మాట ఆయన జన్మలో ఎప్పుడూ అనలేదు. తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాననీ, ఇక వాడు అర్థం చేసుకుంటాడనీ ఒక రకమైన ధైర్యం వచ్చింది.

కొడుకు బేసిన్ అంచు మీద మిగిలిన నల్లటి చారని వేలితో తుడిచాడు.

"మొదట బాగానే ఉంది కదా నాన్నా? ఎన్నాళ్ళుంది?"

"నాలుగైదేళ్ళు."

"ఐదేళ్ళంటే ఇరవై ఏడు." వాడు లెక్కేసుకున్నాడు. "నాకు అది చాలు నాన్నా. ఇప్పుడే కావాలి నాకు. తర్వాత ఊడితే ఊడనీ. పొడి వేసుకుంటాను. నువ్వు ఇన్నేళ్ళు వేసుకోలేదా? నాకే తెలీలేదు, ఇంకెవరికి తెలుస్తుంది?"

తన తల చూపించి భయపెడదామనుకున్నాడు ఆయన. వాడికి ధైర్యం చెప్పినవాడయ్యాడు.

ఆ తర్వాత ఎన్ని చెప్పినా గోడకి చెప్పినట్టే అయింది. ఆ మధ్యాహ్నమే ఆయన షాపు నుంచి క్లినిక్‌కి ఫోను చేసి, నాకు వద్దు, మా అబ్బాయికీ వద్దు, ఫోటోలు ఇవ్వం అన్నాడు. తను లేకపోతే వాళ్ళకీ పోస్టరు లేదు కదా అని ఆయన ఆశ. మేనేజరమ్మ నొచ్చుకోలేదు. "పర్లేదు సార్. అబ్బాయి ఇందాకే ఒప్పుకుని సంతకం పెట్టి వెళ్ళాడు. తను ఒక్కడున్నా చాలు. వయసు తక్కువ కదా, ఫోటో ఇంకా బాగా వస్తుంది," అంది.

ఆ రోజు నుంచి ఆయన పొడి వేసుకోవడం మానేశాడు. డబ్బా చెత్తబుట్టలో పడేశాడు. షాపులో యజమాని ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. పాత కస్టమరు ఒకాయన వచ్చి, ఎదురుగా నిలబడ్డ ఈయన్నే అడిగాడు.

"ఇక్కడ జుట్టున్నాయన ఒకాయన ఉండాలి. సెలవా?"

"సెలవేనండీ," అన్నాడు పోస్టరాయన. "ఇక రాడు. మీకేం కావాలో నాకు చెప్పండి."

కొడుకుని ఒంటరిగా పంపడానికి మనసొప్పక ఆపరేషన్ రోజు ఆయనే వెంట వెళ్ళాడు. ఉదయం లోపలికి వెళ్ళినవాడు సాయంత్రం బయటికి వచ్చాడు. నుదుటి చుట్టూ కట్టు, మొహం అప్పుడే ఉబ్బుతోంది. "నువ్వు మొదట చెప్పిందే నిజం నాన్నా. అంత నొప్పి లేదు," అని నవ్వాడు. ఆయన వాడి వెనక మెట్లు దిగాడు. మెడ పైన, గొరిగిన చోటంతా ఎర్రటి చుక్కలు. చూడకూడదనుకుంటూనే ప్రతి మెట్టు దగ్గరా చూశాడు.

ఇంటికి వచ్చి కొడుకుని కూర్చోబెట్టి పడకగదిలోకి వెళ్తే, తన తలగడకి తెల్ల గలీబు తొడిగి ఉంది. కొత్తది, ఇంకా మడత నలగలేదు. మంచం మీద భార్య కూర్చుని పాత నల్ల గలీబులు నాలుగూ ఉతికి ఆరేసినవి ఒకదాని మీద ఒకటి మడతపెడుతోంది. ఇన్నేళ్ళకి ఆవిడ తల ఎత్తి ఆయన మాడు మీద అరచెయ్యి వేసి, ఒక్కసారి అటూ ఇటూ నిమిరి తీసేసింది. ఆయనకి కళ్ళు చెమర్చాయి.

"ఆ నల్లవి ఇంకా ఎందుకే? పారెయ్," అన్నాడు.

ఆవిడ మడతలు సరిచేసి వాటిని అలమరలో అడుగు అరలో, పాడవకుండా గుడ్డ చుట్టి పెట్టింది.

"ఉండనివ్వండి. వాడికి కావాలిగా."