వేళ్ల కణుపుల్లో చుట్టం

కొత్తవాడలో మగ్గాల చప్పుడు మొదలుకాకముందే పద్మ వేళ్లు మోగేవి. డబ్బాలో తేనెటీగ చిక్కుకున్నట్టు గుయ్యిమనే మోత. గోడ అవతలి శకుంతల అది విని లేచి పొయ్యి ముట్టించుకునేది. మోత పెరిగిన రోజున కణుపులు ఉబ్బి, ఎర్రబడి, పద్మ జంపఖానా నేయడానికి పోగు కూడా పట్టుకోలేకపోయేది.

ఆ మోత ఆమె పుట్టింటి రక్తంలోనిది. ఏ కాలంలోనో, ఊళ్లే లేనప్పుడు, ఆ వంశంలో ఎవరికో ఒక జ్వరం వచ్చింది. మనిషి బతికాడు గానీ జ్వరం పోలేదు. ఒంట్లోనే కాపురం పెట్టి, ముక్కూ కళ్లూ వచ్చినట్టే బిడ్డలకు వస్తూ ఉంది. అందరూ దాన్ని చుట్టం అనేవాళ్లు. మామూలుగా అది నిద్రపోతుంది. లేచి కదిలిందంటే మాత్రం, ఒళ్లు దొంగ పడ్డాడనుకుని తన ఇంటికి తనే నిప్పు పెట్టుకుంటుంది. దవాఖానలో డాక్టరూ ఇంచుమించు అదే అన్నాడు: "ఏ పురుగూ లేదమ్మా. నీ ఒళ్లే నీ ఒంటిని కొడుతోంది." గోళీలిచ్చి పంపాడు. అంతకాలపు చుట్టం గోళీలకు లొంగుతుందా!

మేనత్త మొగిలమ్మే పద్మకు అత్త. ఇద్దరిదీ ఒకటే రక్తం. అయినా మొగిలమ్మ వేళ్లు నున్నగా ఉంటాయి, చప్పుడు చేయవు. వయసులో ఉన్నప్పుడే ఆమె చుట్టాన్ని సాగనంపింది. ఒళ్లంతా పోసిన అమ్మవారిని సాగనంపినట్టే, వేపమండలతో, పసుపునీళ్ల కుండతో, ముందు డప్పుతో. పొలిమేరలో కుండ పగలగొడితే చుట్టం వెనక్కి రాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు పద్మ కడుపుతో ఉంది. నెలలు నిండుతున్న కొద్దీ వేళ్లు చల్లబడ్డాయి, వాపు దిగింది. మగ్గం ముందు కూర్చుని పాటలు కూడా పాడింది. ఆ సంబరం ఎన్నాళ్లు? ఒక సాయంత్రం బియ్యం చెరుగుతుంటే మళ్లీ మోత వినబడింది. వేళ్లలోంచి కాదు, కడుపులోంచి.

చేట చేజారింది. పద్మ గబగబా అత్త దగ్గరికి నడిచింది.

"అత్తా, అది పొల్లగాని దగ్గరికి పోయింది. నా వేళ్లను కాల్చినట్టే వాన్ని గూడ కాలుస్తది."

మొగిలమ్మ చెవి ఆనించి విన్నది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. రేపే ఊరు దాటిద్దాం."

మర్నాడు డప్పు కొట్టే సాంబయ్య ముందు నడిచాడు. పద్మ భర్త సారంగపాణి చేతుల్లో వేపమండలు. పద్మ నెత్తిన కుండ. డప్పు మోగిన కొద్దీ కడుపులో మోత సన్నబడుతూ వచ్చింది. మంచిదే కదా అనుకుంది పద్మ. పొలిమేర రాయి కనిపించేసరికి మోత ఉందో లేదో తెలియనంత అయింది. అప్పుడు గమనించింది, పొద్దుటి నుంచీ తన్నుతున్న బిడ్డ కూడా కదలడం లేదని.

"అత్తా! పోరడు మెదుల్తలేడు!"

మొగిలమ్మ దారి మధ్యలోనే కూలబడి కోడలి కడుపుకు చెవి పెట్టింది. ఆమెకు తన పొలిమేర గుర్తొచ్చింది. సారంగపాణి తర్వాత మళ్లీ కడుపుతో ఉన్నప్పుడే ఆమె చుట్టాన్ని పంపింది. వారం తిరగకముందే ఆ కడుపు పోయింది. ఇంకో కాన్పు లేదు. అందరూ దిష్టి అన్నారు, ఆమె కూడా అదే నమ్మింది.

"ఆపు సాంబయ్యా! డప్పు ఆపు!" అని అరిచింది. "అది వాన్ని కాలుస్తలేదు. వాని బొడ్డుపేగును పట్టుకొని కూసున్నది. దాన్ని ఎల్లగొడితే పొల్లగాడు దానెంబడే పోతడు!"

"మరి కుండేం జేద్దామే అమ్మా?" అన్నాడు సారంగపాణి.

"ఇంటికి పట్కరా."

దారి పొడవునా ఎవరూ దగ్గడానికి కూడా సాహసించలేదు. సాంబయ్య డప్పును చంకలో అదిమి పట్టుకున్నాడు. ఇంటి గడప దాటాక మోత మెల్లగా తిరిగొచ్చింది, దాని వెనకే ఒక తన్ను. పద్మ అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆడపిల్ల పుట్టింది. మాయ బయటపడగానే కడుపులో మోత ఆగింది. బాలింత మంచం దిగకముందే పద్మ వేళ్లు మళ్లీ ఉబ్బాయి, మునుపటి కన్నా ఎక్కువ. డప్పు పిలుద్దామని మాత్రం ఎవరూ అనలేదు. ఆ కుండలో పసిదాని స్నానానికి నీళ్లు కాచేవాళ్లు.

ఒకరోజు నలుగు పెడుతూ మొగిలమ్మ ఆగిపోయింది. పసిదాని పిడికిలిని చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె కళ్లలో బెదురు పద్మ చూసింది.

"మోగుతాందా అత్తా?"

మొగిలమ్మ తలూపింది. పద్మ ఆ చిన్న పిడికిలిని తన వాచిన వేళ్ల మధ్యకు తీసుకుంది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగినా వదల్లేదు.

"చుట్టం నిద్రపోతాంది," అంది. "లేపకు."