పూజగది నేల

పాలరాతి మందిరం ముందు నేల మెత్తబడిందని మొదట రాధారాణి పాదానికే తెలిసింది. అడుగు వేస్తే తడిసిన అట్టలా దిగి, కాలు తీయగానే నిదానంగా పైకి లేస్తోంది.

"జిగురుతో అతికించిన లామినేట్ పలకలు కదా, ఒకచోట వదిలేశాయంతే," అన్నాడు శ్రీధర్. "చిన్న కన్నం పెట్టి గ్లూ ఇంజెక్ట్ చేస్తే సరి. శనివారానికి రెడీ."

శనివారం సత్యనారాయణ వ్రతం. కూతురు దియ ఆపరేషన్ గట్టెక్కితే చేస్తానని రాధారాణి మొక్కుకుంది. అమెరికాలో తాముండే ఈ క్యారీ ఊళ్లో తెలిసినవాళ్లందర్నీ పిలిచేసింది కూడా.

"ముందు మందిరం జరుపుదామండీ."

"నాలుగొందల పౌండ్లు! నువ్వు జరుపుతావా, స్వామివారే లేచి పక్కకెళ్తారా?"

"నవ్వులాట కాదండీ."

డ్రిల్ మొదలైంది. పలక దాటాక దాని కిందున్న ప్లైవుడ్ గట్టిగా తగలాలి. తగల్లేదు. బిట్ మొత్తం లోపలికి జారిపోయింది. వెనక్కి లాగితే చెక్కపొట్టు బదులు నల్లటి ముద్ద వచ్చింది. కన్నంలోంచి, చెక్క నేలకీ కింది మట్టికీ మధ్య ఖాళీలోని చల్లగాలి తగిలింది, దాంతోపాటు పులిసిన పాల వాసన.

ఆ వాసన ఎక్కడిదో రాధారాణికి అర్థమైంది. ఇల్లు కొన్నప్పటినుంచీ ప్రతి సోమవారం శివలింగానికి పాలతో, నీళ్లతో అభిషేకం. పళ్లెం నిండి పొర్లిన తీర్థాన్ని నేల తుడిచే గుడ్డతో తుడవడం అపచారమని, అలాగే ఆరనిచ్చేది. అది ఆరలేదు. పలకల సందుల్లోంచి కిందికి దిగింది.

భక్తితో పోసినా చెక్క కుళ్లుతుందా స్వామీ? కుళ్లుతుంది కాబోలు. నీళ్లు నీళ్లేగా.

"పైన ఒక షీట్ పరిచేద్దాం," శ్రీధర్ గొంతు తగ్గింది. "వ్రతం అయ్యాక చూద్దాం. మొక్కు ఆపకూడదని నువ్వే అంటావుగా."

ఆమె భయమూ అదే. దియ ఇంకా పూర్తిగా కోలుకోలేదు. మొక్కు ఆపితే ఏమవుతుందో. ఆపకపోతే, పీటల మీద తమ ఇద్దరి మధ్యా ఆ పిల్లే కూర్చుంటుంది, సరిగ్గా ఇక్కడే.

నేల కింద ఏదో టక్కుమని విరిగింది.

రాధారాణి ఇక ఆలోచించలేదు. పక్కనుంచి చేయి చాచి శివలింగాన్ని తీసి గుండెకి హత్తుకుంది. "బయటికి రండి! అందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పండి. మొక్కు తీరుస్తాను, నేల గట్టిపడ్డాకే."

ఇద్దరూ గుమ్మం దాటారు. హాల్లోంచి దియ అడుగులు వినిపించాయి.

"మామ్, ఆ సౌండ్ ఏంటి?"

"అక్కడే ఆగు తల్లీ!"

దియ ఆగిపోయింది. వాళ్ల కళ్లముందే మందిరం కొద్దికొద్దిగా ముందుకు వంగసాగింది.