ఎండ్రకాయ పట్టు

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో కాగజ్‌నగర్ కాగితం మిల్లు గోదాములో గట్టయ్య అంటే గొలుసు, గొలుసంటే గట్టయ్య. ఆ మాట ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాడు. అనకపోతే మాత్రం లోలోపల చిన్నబుచ్చుకునేవాడు.

మిషను మీదినుంచి దిగిన కాగితం చుట్టను అక్కడ రీలు అంటారు. ఒక్కొక్కటీ దున్నపోతంత ఉంటుంది. దాన్ని నేలమీదినుంచి లేపి తోపుడు బండి మీద పెట్టాలంటే మనుషుల వల్ల కాదు. అందుకని పైన దూలానికి గొలుసు కప్పీ, గొలుసు కొసకు పెద్ద ఇనుప పట్కారు వేలాడుతుండేవి. దానికి దొరలు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. కూలీలు ఎండ్రకాయ అన్నారు, అదే నిలిచింది. కాగితం నలగకుండా దాని కొమ్ములకు లోపలివైపు పాత కంబళి ముక్కలు కట్టేవారు. గొలుసు లాగితే రీలు బరువుకే కొమ్ములు బిగుసుకుంటాయి. కాకపోతే రెండూ రీలు నడుముకు కింద సమంగా కూర్చోవాలి. ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు అయితే రీలు ఒరిగి జారుతుంది. అప్పుడు కింద చెయ్యి ఎవరిదైతే వాళ్ల గతి అంతే.

అందుకే అది ఇద్దరి పని. కొమ్ములు కూర్చోబెట్టేది సమ్మయ్య. కూర్చోబెట్టి, చేతులు తీసేసి, "పట్టింది" అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకనే గట్టయ్య గొలుసు లాగాలి. గోదాములో ఇంతకంటే పెద్ద కట్టుబాటు లేదు.

ఆ మాట గట్టయ్య చెవిన పడడం మానేసి చాలాకాలమైంది.

గోదాముకు రాకముందు అతను ఏళ్ల తరబడి మిషను పక్కనే పనిచేశాడు. ఆ హోరు చెవుల్లో పడీ పడీ వినికిడి మెల్లమెల్లగా తగ్గింది. ఇంట్లో భార్య కమలవ్వ నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలికేవాడు. "మొగుడా, బండరాయా" అని ఆమె తిట్టేది. అదృష్టవశాత్తు అదీ వినపడేది కాదు. మిల్లులో మాత్రం సమ్మయ్య పెదవులు చూసి నెట్టుకొస్తున్నా భయంగానే ఉండేది. చెవులు పోయాయని తెలిస్తే గొలుసు మీదినుంచి తీసేసి వెదురు యార్డులో పడేస్తారు. అక్కడ పగలంతా వెదుళ్లు మోయడమే. మోతకు అతను భయపడలేదు. ఎదురుగా సమ్మయ్య ముఖం ఉండదు కదా, అదీ అతని బెంగ.

అలా బెంగపడుతున్న ఒక వానాకాలంలోనే వింత జరిగింది. గొలుసు మీద అరచెయ్యి ఆనించి నిలబడడం అతని అలవాటు. ఒకరోజు చేతికి చిన్నగా టక్, టక్ మని తగిలింది. చూస్తే సమ్మయ్య చేతులు తీసేసి పక్కకు జరిగి ఉన్నాడు. లాగాడు. రీలు నిటారుగా లేచింది. మరుసటి రీలుకూ అంతే, ఆ తర్వాతా అంతే. కొమ్ములు సరిగ్గా కూర్చున్నప్పుడల్లా గొలుసు చెబుతోంది! గట్టయ్య ఆనందానికి హద్దు లేదు. ఇన్నేళ్లు పట్టిన చేతిని ఇనుము గుర్తుపట్టిందనుకున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ కమలవ్వతో, "ఇనుముకు గూడ పానం ఉంటదే. మనిషిని ఎరుగుతది" అన్నాడు. ఆమెకు ఏమీ అర్థంకాక ఇంకో ముద్ద పెట్టింది.

ఆ వానాకాలం పోయి మళ్లీ వానాకాలం వచ్చింది. సమ్మయ్యకు చలిజ్వరం తగిలింది. మేస్త్రి లింగమూర్తి కొమ్ముల దగ్గరికి ముత్యాన్ని పంపాడు. పెళ్లయి ఏడాది తిరగనివాడు, పనిమంతుడే. కొమ్ములు కూర్చోబెట్టి, "పట్టింది" అన్నాడు. గట్టయ్య గొలుసు మీద చెయ్యి ఉంచి ఎదురుచూశాడు. గొలుసు ఉలకలేదు, పలకలేదు. ముత్యం చేతులూపి అరిచాడు. గట్టయ్య సిగ్గుపడి లాగాడు. రెండో రీలుకూ అదే తంతు. మూడో రీలుకు వచ్చేసరికి అవతల బండ్లు ఆగాయని మేస్త్రి వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గొలుసు అరచేతిలో కదిలింది. అమ్మయ్య అనుకుని లాగాడు.

అది ముత్యం కొమ్మును సర్దుతున్న కదలిక.

రీలు ఒక పక్కకు ఒరిగి, జారి, ధన్ మని నేల మీద పడి గోడ దాకా దొర్లింది. ముత్యం చెయ్యి వెనక్కి గుంజుకున్నాడు గానీ, రెప్పపాటు ఆలస్యమైతే ఆ చెయ్యి దక్కేది కాదు. వాడు నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. పెదవులు చూసి గట్టయ్య అర్థం చేసుకున్నాడు: "నేనింకా చెప్పలే గదనే!"

"చెయ్యి జారింది" అని మేస్త్రికి అబద్ధం చెప్పాడు గట్టయ్య. పాతమనిషి కదా, మేస్త్రి నమ్మాడు.

బువ్వ వేళ అందరూ బయటికి పోయారు. గట్టయ్య మాత్రం సద్ది విప్పలేదు. ఎండ్రకాయ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఇంతకాలం మాట్లాడిన ఇనుము ఇవాళెందుకు మూగబోయింది? కొమ్ములు తడిమాడు, కంబళి తడిమాడు. కుడి కొమ్ము బయటివైపు ఒకచోట రంగు లేచిపోయి, గోరంత మేర తళతళ మెరుస్తోంది. రోజూ అదే చోట ఏదో తగిలితే తప్ప అలా నున్నబడదు. సమ్మయ్య నడుముకు ఎప్పుడూ దోపుకుని ఉండే ఇనుప పానా గుర్తొచ్చింది. కొమ్ములు బిగించే పని దానితో ఏమీ లేదు. మరెందుకు దోపుకునేవాడో గట్టయ్య ఎన్నడూ అడగలేదు, రీలు చాటున ఆ చేతులు ఏం చేసేవో కనపడేదీ కాదు. కింద పడివున్న ఇనుప ముక్క ఒకటి తీసుకుని, ఎడమచెయ్యి గొలుసు మీద పెట్టి, ఆ మెరిసే చోట కొట్టాడు.

టక్, టక్.

అదే. అరచేతికి తెలిసిన ఆ మాట అచ్చంగా అదే. గట్టయ్య అక్కడే ఎండ్రకాయకు తల ఆనించి ఏడ్చాడు. సిగ్గుతో కొంత ఏడ్చాడు, ప్రేమతో ఎక్కువ ఏడ్చాడు.

పొద్దుగూకేసరికి గట్టయ్య, సమ్మయ్య వాళ్ల ఇంటికి పోయాడు. సమ్మయ్య భార్య మగ్దలేనమ్మ పీట వేసి, "ఇయ్యాల జరం దిగింది బావా, దేవుడు సల్లగ సూశిండు" అని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. ఆమెకూ తెలుసన్నమాట. గట్టయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఎప్పటిసంది ఎరుకరా తమ్మి నీకు?"

సమ్మయ్య బుకాయించలేదు. ముఖం ఎదురుగా పెట్టి, పెదవులు తెలిసేలా నిదానంగా అన్నాడు. "పోయిన వానకాలంసంది."

"మరి ఒక్క మాటన్న చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు గొలుసు ఇడిచి పోతవు. నువ్వు పోతే నేనెవని మొకం జూస్కుంట పన్జెయ్యాలె అన్నా?"

గట్టయ్య అతని కాళ్ల మీది గొంగడి సర్దాడు. "ఇయ్యాల ముత్యం చెయ్యి పోతుండె" అన్నాడు. సమ్మయ్య ముఖం వాడిపోయింది.

సమ్మయ్య పనిలోకి వచ్చేదాకా గట్టయ్య గొలుసు ముట్టలేదు, నడుము నొప్పి అని గోదాము ఊడ్చాడు. సమ్మయ్య వచ్చిన పొద్దున మేస్త్రి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. "నాకు చెవులు లెవ్వు. మొన్న జారింది చెయ్యి గాదు. గొలుసు సమ్మయ్యకియ్యి, నన్ను యార్డుకు తోలు."

లింగమూర్తి భగ్గుమన్నాడు. "ముత్యం చెయ్యి తెగితే వాని పెండ్లాంకు నువ్వు జెప్తుంటివా, నేను జెప్తుంటినా?" గట్టయ్యకు అంతా వినపడకపోయినా అంతా అర్థమైంది. తల దించుకున్నాడు.

అప్పుడు సమ్మయ్య ముందుకొచ్చాడు. "జర నా మాటిను మేస్త్రీ. గొలుసు కాడ చెవులు గావాలె, నాకున్నయి. కొమ్ముల కాడ కండ్లు, నోరు గావాలె, అన్నకున్నయి. జాగలు మారుతం. యార్డెందుకు?"

మేస్త్రి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. కోపం ఇంకా పోలేదు. "ఒక్క రీలు జూస్త" అన్నాడు.

సమ్మయ్య పానా తీసి గట్టయ్య చేతిలో పెట్టి గొలుసు దగ్గరికి పోయాడు. గట్టయ్య మోకాళ్ల మీద కూర్చుని కొమ్ములు రెండూ కూర్చోబెట్టాడు. కంబళి కింద వేలు పోనిచ్చి చూశాడు. లేచి, చేతులు తీసి, "పట్టింది!" అన్నాడు. తన గొంతు తనకు వినపడదు కదా, గోదామంతా దద్దరిల్లింది. ముత్యం కిసుక్కున నవ్వాడు. మేస్త్రి మీసాల్లో కూడా ఏదో కదిలింది.

సమ్మయ్య లాగలేదు.

గట్టయ్య తిరిగి చూశాడు. సమ్మయ్య అరచెయ్యి గొలుసు మీద ఆనించి, అచ్చం గట్టయ్య నిలబడినట్టే నిలబడి, అతని వైపే చూస్తున్నాడు. మాట వినపడలేదా? గోదామంతా విన్నది. గట్టయ్యకు కళ్లు మసకబారాయి. పానా ఎత్తి, కొమ్ము మీద ఆ మెరిసే చోట మెల్లగా రెండుసార్లు కొట్టాడు.

అప్పుడు లాగాడు సమ్మయ్య. రీలు ఎటూ ఒరగకుండా నిటారుగా లేచింది.