మూడు వెంట్రుకల బ్రష్షు

అంట్లు తోమడం అయ్యాక అబిదాకు మిగిలే పని ఎయిర్‌బ్రష్ కడగడం. నరసరావుపేటలో స్కూటర్లకు రంగులేసే ఆమె మొగుడు మన్సూర్, గుంటూరులో ఒక ఫొటో స్టూడియో మూతపడితే అక్కణ్ణుంచి ఈ రంగు చిమ్మే మిషన్ను కొనుక్కొచ్చాడు. స్ప్రే కొట్టడం వరకే ఆయన వంతు. ఆ తర్వాత సూది లాగి, థిన్నర్లో ముంచి, మూతి తుడిచి బిగించేది అబిదా. ఆరేళ్ళుగా దాని ప్రతి ముక్కా ఆమెకు తెలుసు. మీట మాత్రం ఒక్కసారైనా నొక్కనిచ్చింది లేదు. "ఆడదానివి, నీకు మిషనెందుకే? కడిగిపెట్టు, చాలు," అన్నాడు అడిగినప్పుడు.

హైస్కూలు డ్రిల్లు మాస్టారు లక్ష్మీనారాయణ ఎయిర్‌ఫోర్సులో చేసొచ్చిన మనిషి. స్కూలు ఎగ్జిబిషన్‌కని జానెడు ప్లాస్టిక్ విమానం ఇచ్చి రంగులేయమన్నాడు. ఒంటికి బూడిదరంగు మన్సూర్ పావుగంటలో కొట్టేశాడు. రెక్కల మీద మూడు రంగుల చక్రాలు, పైలటు గదికి అద్దంమూత అంటించకముందే లోపల వేయాల్సిన సీటు, గోరంత పైలటు ముఖం అబిదాకు వదిలాడు. బ్లేడుతో కోసి బ్రష్షుకు మూడు వెంట్రుకలే మిగుల్చుకుని, ఊపిరి బిగబట్టి పన్నెండు రోజులు వేసింది. "ఏమే, పొయ్యి మీద కూర పెట్టి ఈ బొమ్మలాటలేంది?" అని అత్త చాంద్ బీ కేక. కూరేమీ మాడలేదు, అయినా లేచివెళ్ళి కలియబెట్టి వచ్చింది. ఆ ఇంట్లో ఆమె వండింది తినేస్తారు, ఉతికింది మాపేస్తారు. ఇదొక్కటే నిలిచి ఉండే పని అనిపించింది. ఎవరైనా అడిగితే "మా ఇంటిది వేసింది" అని మన్సూర్ ఒక్క మాటంటే చాలనుకుంది పిచ్చిది.

ఎగ్జిబిషన్‌లో ఆడవాళ్ళ వరసలో బురఖాలో నిలబడి, మాస్టారు అడగడం తన చెవులతోనే విన్నది.

"ఇంత సన్నగీత ఎట్టా గీశావయ్యా, మన్సూర్?"

"అంతా నా చేతిపనే సార్!"

ఎదురుగా ఉన్న భార్య మీంచి అతని చూపు జారిపోయింది. శాలువా కప్పారు. ఇంటికొచ్చాక ఆ శాలువా మడతపెట్టిందీ ఆమే. పెరట్లో ముఖం కడుక్కునే నెపంతో తనివితీరా ఏడ్చింది.

వారం తిరక్కుండా మాస్టారు ఇంకో విమానంతో వచ్చి వరండాలో కూర్చున్నాడు. "నీ చేతిపని కళ్ళారా చూడాలయ్యా. ఒక్క గీత గియ్యి."

అబిదా టీతోపాటు మూడు వెంట్రుకల బ్రష్షు కూడా తెచ్చి మొగుడి ముందు పెట్టింది. మన్సూర్ ఆమె వంక బతిమాలుతున్నట్టు చూశాడు. ఆరేళ్ళలో అట్లా చూడటం అదే మొదలు. ఆమెకు జాలేసింది కూడా. ఏదో ఒక సాకు చెప్పి కాపాడేదేమో. ఈలోగా అతను గీశాడు. గీత అలుక్కుపోయింది.

"ఏందయ్యా ఇది?"

"బ్రష్షు పాడైంది సార్. ఏమే, ఏం బ్రష్షు తగలేశావు?"

అబిదాలో ఆ జాలి కాస్తా ఆరిపోయింది. ఈ పూట నోరు విప్పితే ఇంట్లో ఎన్నాళ్ళు మాటలుండవో ఆమెకు తెలుసు.

"బ్రష్షు బాగానే ఉంది సార్. అది నా చేతికి అలవాటు పడింది, అంతే," అంది. గూట్లో తను కడిగిపెట్టిన ఎయిర్‌బ్రష్ తీసుకుని మొగుడి పక్కన కూర్చుంది.

"కాస్త జరగండి. ఈసారి ఒంటిరంగు కూడా నేనే కొడతాను."