సాంబమూర్తి గారి కాలరీల బేరం

సాంబమూర్తి గారికి ఎవరి మొదటి మాట మీదా నమ్మకం లేదు. వన్‌టౌన్‌లో చీరల కొట్టు తెరిచిన నాటి నుంచి చెప్పిన ధరకు ఆయన కొన్నదీ లేదు, అడిగిన ధరకు అమ్మిందీ లేదు. పెళ్లిచూపుల్లో భార్య శివపార్వతమ్మ వయసు చెబితే అందులోనూ రెండేళ్లు కలుపుకున్న మనిషి.

అలాంటి ఆయన దగ్గర బొజ్జ ఒక్కటే ఏ బేరమూ లేకుండా పెరిగింది. కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని, మడత విప్పి చీర విసరడమే ఆయన వైభవం. ఇప్పుడు కిందికి దిగితే లేవలేరు. కొడుకు కిరణ్‌కుమార్ గల్లాపెట్టె దగ్గర ఎత్తు కుర్చీ వేయించాడు. శ్రావణమాసం వెళ్లగానే పరుపు తీసేసి అద్దాల కౌంటరు పెడతానన్నాడు. పరుపు పోతే తానూ పోయినట్టేనని పెద్దాయనకు దిగులు పట్టుకుంది.

ఆ దిగులుతోనే బెంజ్ సర్కిల్ దగ్గర డైటీషియన్ అక్షయను కలిశారు. ఆ అమ్మాయి బరువు, ఎత్తు, వయసు అన్నీ చూసి లెక్క కట్టింది.

"రోజుకి పదహారొందల కాలరీలు తినండి బాబాయ్ గారూ. నిదానంగా తగ్గుతారు. అంతకన్నా తక్కువ తినొద్దు."

"ఎనిమిదొందలకి ఖాయం చేద్దామమ్మా."

ఇది ఫిక్స్‌డ్ రేటండీ అని నవ్వింది అక్షయ. దాంతో ఆయనకున్న కాస్త సందేహమూ తీరిపోయింది. ఫిక్స్‌డ్ రేటు బోర్డు ఆయన కొట్లోనూ ఉంది. బేరాలన్నీ దాని కిందే జరుగుతాయి.

ఇంట్లో ఎనిమిది వందలే అమలైంది. పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం మజ్జిగలో వెతుక్కుంటే దొరికేటన్ని మెతుకులు. గోంగూర జాడీ మూత తీయడానికి వీల్లేదు. శివపార్వతమ్మ మొత్తుకుంటే, నీకు వ్యాపారం తెలియదని కసిరారు.

వరలక్ష్మీ వ్రతం ముందు కొట్టు కిటకిటలాడుతోంది. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన రాజ్యలక్ష్మి గారు ఒక పట్టుచీర నచ్చి, ఆనవాయితీగా సగానికి అడిగారు. ఇక్కడ సాంబమూర్తి గారు గుండె మీద చెయ్యి వేసుకుని, నేతగాడి కూలి కూడా రాదని వాపోవాలి. కొట్టంతా ఆ మాట కోసమే చూస్తోంది.

"సరే, తీసుకెళ్లమ్మా," అన్నారాయన నీరసంగా.

కిరణ్‌కుమార్ చేతిలో చీర జారిపోయింది. రాజ్యలక్ష్మి గారు హడలిపోయారు. సగానికిస్తున్నాడంటే చీరలో ఏదో ఉందని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. ఏమీ కనపడకపోయేసరికి ఇంకా భయపడి వెళ్లిపోయారు. ఆమెను పిలవబోయి సాంబమూర్తి గారు కుర్చీ దిగారు. కళ్లు బైర్లు కమ్మి పరుపు మీద పడ్డారు. ఎన్నాళ్లకో పరుపెక్కారు గాని, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

సెలైన్ ఎక్కించాక శివపార్వతమ్మ ఆయన్ని అక్షయ ముందు కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. అంత తక్కువ తిండి డాక్టరు కనిపెట్టుకుని ఉంటే తప్ప తినకూడదనీ, కొవ్వుతో పాటు కండ కూడా కరిగి కాళ్లలో బలం పోతుందనీ అక్షయ వివరించింది. కాళ్లు పోతే పరుపు ఎలాగూ లేదు. ఆయనకు నిజంగా భయమేసింది.

"అయితే చివరి మాట చెప్పమ్మా."

అక్షయ ఒకసారి శివపార్వతమ్మ వైపు చూసి, మళ్లీ లెక్క కట్టినట్టు నటించింది.

"పద్దెనిమిదొందలండీ."

"పోయినసారి పదహారేగా?"

"అది అప్పటి రేటండీ."

సాంబమూర్తి గారి మొహంలోకి రక్తం వచ్చింది. బతిమాలారు, బెట్టు చేశారు, పోతున్నట్టు రెండుసార్లు లేచారు. గుమ్మం దాటుతుంటే అక్షయ వెనక్కి పిలిచి, మీ మొహం చూసి పదహారు వందలకు ఒప్పుకుంటున్నానంది. మెట్లు దిగుతూ, రెండొందలు కొట్టేశానని ఆయన పొంగిపోయారు. శివపార్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తండ్రి పడిపోయిన భయానికి కిరణ్‌కుమార్ కౌంటరు మాట మళ్లీ ఎత్తలేదు. కార్తీకం వచ్చేసరికి ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పరుపు మీదికి దిగారు. మొదటి చీర, కొట్టుకు వచ్చిన అక్షయ ముందే విసిరారు. ఆ అమ్మాయి సగానికి అడిగింది.

సాంబమూర్తి గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. శివపార్వతమ్మకు ప్రాణం లేచి వచ్చింది.