ఎవరో తుడిచారు

బెంచి మీద వీపు ఆకారంలో మిగిలిన చెమటను తుడుస్తూ, తుడుపుల బాబాయ్ ఆ వీపు ఎవరిదో గుర్తుపట్టాడు. నడుం దగ్గర సన్నం, భుజాల దగ్గర వెడల్పు. బ్యాంకు క్యాషియరు. తుడవమంటే "ఇంకో సెట్టుంది బాబాయ్" అంటాడు. ఆ ఇంకో సెట్టు ఆర్నెల్లుగా మిగిలే ఉంది.

పందొమ్మిదేళ్ళుగా ఈ జిమ్ములో ఇదే పని. జనం చెమటోడుస్తారు, అతను ఆ చెమట ఊడుస్తాడు. ఎత్తిన ఇనుప ప్లేట్లను వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తారు, అతను ఏరి తెచ్చి అరల్లో పెడతాడు. బరువులు వాళ్ళవి, బాధ్యతలు ఇతనివి. "వాడిన యంత్రాన్ని తుడవండి, ఎత్తిన బరువును తిరిగి పెట్టండి" అని గోడకో బోర్డు ఉంది. దాని మేకు చొక్కాలు తగిలించుకోవడానికి బాగా పనికొస్తోంది.

యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. బకెట్టు మోసీ మోసీ కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండంగుళాలు దిగింది. వేళ్ళ కొనలు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడి ఉంటాయి.

పది రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు. పదిన్నరకు జనం పలచబడగానే వెనక గదిలోకి వెళ్ళి డబ్బా తెరుస్తాడు. పదకొండింటికి తిరిగొచ్చి చూస్తే నేల మీద చిన్న ప్లేట్లేవీ ఉండవు. యంత్రాలు తుడిచి ఉంటాయి! ఇంకొకరైతే సంతోషించేవారు. అతని గుండెల్లో మాత్రం పదిహేను కిలోల ప్లేటు పడింది.

ఎందుకంటే ఇది అతనికి కొత్త కాదు. సినిమా హాలు ఊడ్చే రోజుల్లో, ఒక ఉదయం వెళ్ళేసరికి వరసలన్నీ ఊడ్చి ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ముడనుకున్నాడు. వారం తిరక్కుండానే ఆ పుణ్యాత్ముడికి చీపురూ ఇతనికి సెలవూ ఇచ్చారు. అప్పట్నుంచీ అతనికి మర్యాదంటే భయం. మొరటువాళ్ళు అతనికి అన్నం పెడతారు, మర్యాదస్తులు ఎసరు పెడతారు. ఎవరో బెంచీలు తుడుస్తున్నారంటే, తన ఉద్యోగాన్నే తుడిచిపెట్టేస్తున్నారన్నమాట.

భార్యతో చెబితే, "అద్దంలో చూసుకున్నా వీడెవడని అనుమానపడే రకం మీరు" అంది.

ఇక ఉండబట్టలేక ఈ ఉదయం మేనేజరమ్మకు చెప్పేశాడు.

"అమ్మా, నా పనిలో ఎవరో వేలు పెడుతున్నారు."

"వేలేగా, చెయ్యి పెట్టినప్పుడు చెప్పు."

"నవ్వులాట కాదమ్మా. ప్లేట్లు కాళ్ళొచ్చి ఎక్కలేదు కదా అరల్లోకి."

"సర్లే బాబాయ్. ఆ టైములో తలుపు దగ్గర కార్డు గీకి లోపలికొచ్చేవాళ్ళు ఎవరో చూసి కనుక్కుంటాలే."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు మీద కూడా అతనికి అనుమానం వచ్చింది.

పదిన్నరకు డబ్బా పట్టుకుని వెనక గదికి బదులు బట్టలు మార్చుకునే గది తలుపు చాటున నిలబడ్డాడు. హాల్లో ఒక్కరే ఉన్నారు, లిఫ్టు పెద్దాయన. ఏదో ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరయిన బక్క మనిషి. నడిచే యంత్రం మీద పది నిమిషాలు నడిచి, దిగి, అటూ ఇటూ చూశాడు. తుడుచుకునే కాగితం చింపి యంత్రం పిడిని తుడిచాడు. నేల మీది రెండున్నర కిలోల ప్లేటును రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని, అర దాకా నడిచి పెట్టాడు. ఆగి ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ ఇంకోదాని కోసం వెనక్కి వచ్చాడు.

బాబాయ్ ఒక్కంగలో బయటికొచ్చాడు. "దొరికారు! ఎవరు పెట్టారండీ మిమ్మల్ని పనిలో?"

"నన్నా?" పెద్దాయన ప్లేటును దాచబోయి, దాచే చోటు లేక నవ్వేశాడు. "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు బాబూ! ముప్ఫై రెండేళ్ళు లిఫ్టు నడిపా. గుండెకు రెండు స్టెంట్లేసి, ఇంక ఏదీ లిఫ్టు చేయొద్దన్నాడు డాక్టరు. మా కోడలు మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వదు. నడకకని చెప్పి వస్తున్నా."

"నడవొచ్చుగా మరి!"

"ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటాం కదయ్యా దాని మీద. ఇదైతే, సర్దితే సర్దినట్టు కనిపిస్తుంది."

బాబాయ్‌ ఆయన చేతిలోని ప్లేటు అందుకున్నాడు. "నా పని పోతుందని హడలి చచ్చానండీ పది రోజులుగా."

"అయ్యో! నీకు సాయం చేస్తున్నాననుకున్నానే!"

ఇద్దరూ కిటికీ పక్క బెంచి మీద కూర్చున్నారు. బాబాయ్ డబ్బా తెరిచి మూతలో కాస్త పెట్టి ఇచ్చాడు. "చిన్నవి మీవి, పెద్దవి నావి. అయిదు కిలోలు దాటితే ముట్టుకోకూడదు. నేనేం చూడలేదు, మీరేం చెయ్యలేదు." పది రోజుల తర్వాత అన్నం రుచిగా తగిలింది.

సగం తినేసరికి తలుపు తెరుచుకుంది. ముందు కోడలు, వెనక మేనేజరమ్మ. ఆ టైములో కార్డు గీకేది ఒక్కరేనని చూసి మేనేజరమ్మ పెద్దాయన ఇంటికి ఫోన్ చేసింది. కనుక్కోవడమంటే ఆవిడకు అదే.

"నడకన్నారు కదా మామయ్యా!" కోడలి గొంతులో కోపం, కళ్ళలో నీళ్ళు. "మీకేమైనా అయితే మీ అబ్బాయికి నేనేం చెప్పుకోను?"

పెద్దాయన మూత కింద పెట్టి, చేయి కడుక్కొచ్చి, బాబాయ్ భుజం తట్టాడు. దిగి ఉన్న భుజాన్నే. "వస్తా బాబూ. కిందికెళ్ళే లిఫ్టు వచ్చేసింది."

ఫిర్యాదు చేసింది తనేనని చెప్పడానికి బాబాయ్ నోరు తెరిచాడు. నోట్లో అన్నం ఉంది.

"ఆయన కార్డు తీసేశా. ఇక నీ పనికి అడ్డెవరూ రారు," అంది మేనేజరమ్మ.

నిజంగానే ఎవరూ రాలేదు. సాయంత్రం జనం విరగబడ్డారు. ఎవరి వీపు ముద్ర వాళ్ళు బెంచీల మీద వదిలి, ఎత్తినవన్నీ నేల మీద దించిపోయారు. అంతా అతనికే. ఏరుతూ, తుడుస్తూ కిటికీ వైపు వచ్చాడు. కొత్తగా చేరిన ఒకమ్మాయి అక్కడి బెంచి దగ్గర నిలబడి ఉంది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?"

"ఉన్నారమ్మా."

"ఎక్కడా కనపడరే?"

"వస్తారు. నువ్వు ఆ పక్కది తీసుకో."

బెంచి మీద తువ్వాలు పరిచి ఉంటే మనిషి తిరిగొస్తాడని జిమ్ములో లెక్క. అది మధ్యాహ్నం బాబాయ్ పరిచిన తెల్ల తువ్వాలు. నాలుగు మూలలూ బెంచి అంచులకు సరిగ్గా లాగి ఉన్నాయి, నడుమ మాత్రం ఒక బక్క మనిషి కూర్చున్నంత మేర నలిపి ఉంది.